చెరపని నంబరు

టోకెను అరవై నాలుగు. గోడ మీద ఎర్ర అంకెలు నలభై ఒకటి దగ్గర నిలబడిపోయి నా వంకే చూస్తున్నాయి, ఎక్కడికి పోతావులే అన్నట్టు. ఇనప కుర్చీలు ఒకదానికొకటి బోల్టులు వేసి బిగించినవి, ఆ చివర ఎవరైనా లేస్తే ఈ చివర నేను ఊగుతున్నాను, ఇంకో మనిషి కదిలితే నేను కదలడం ఎన్నేళ్ళకి అనుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే పిచ్చోడనుకుంటారని దగ్గుగా మార్చుకున్నాను. చొక్కా జేబులో చెక్కు. మామూలు చెక్కయితే మడిచి పెట్టుకునేవాడిని, ఇది మడతపడదు, తడవదు, చిరగదు, జేబులోంచి బెత్తెడు పైకి పొడుచుకొచ్చి తల వంచినప్పుడల్లా గడ్డం కింద గుచ్చుతోంది. రెండువైపులా దళసరి ప్లాస్టిక్కు, నాలుగు మూలలూ గుండ్రంగా కోసి, ఒక్క బుడగ లేకుండా. నా చేతి పనే. ఇరవై ఆరేళ్ళుగా నా చేతులకి తెలిసిన పని అదొక్కటే, కాగితాన్ని ప్లాస్టిక్కులో పెట్టి వేడి రోలర్ల మధ్యకి తోయడం. మార్కెట్లో నన్ను కవరు మామ అంటారు, అసలు పేరు ఎవరికీ తెలీదు, నాకే అప్పుడప్పుడు గుర్తుండదు, ఈ చెక్కు మీద చూసేదాకా.

ఇవాళ దాటితే ఇది చెల్లదు. నిన్న సాయంత్రం పక్క మందుల షాపతను మాటల్లో చెప్పాడు, చెక్కుకి ఆయుష్షు మూడు నెలలేనని. అంతకన్నా పెద్ద మాట ఇంకోటి చెప్పాడు, చెక్కు చెల్లగానే రాసినవాళ్ళ ఫోనుకి మెసేజ్ పోతుందట, ఫలానా మనిషికి నీ డబ్బు చేరిందని. అతను ఎవరిదో గొడవ చెబుతూ అన్నాడు, నేను కత్తెర పట్టుకుని అలాగే ఉండిపోయాను. అంటే చేరకపోతే మెసేజ్ రాదు. అంటే ఎనభై తొమ్మిది రోజులుగా, ఈ చెక్కు రాసిన మా పిల్ల ఫోను చూసుకుంటూ ఉంది, రాలేదు, రాలేదు, తీసుకోలేదు, నా మొహాన కొట్టాడు అనుకుంటూ ఉంది. లేదా చూసుకోవడమే మానేసింది. లేదా పోయాడేమో అనుకుంది, అదీ అనుకోవచ్చు, చెప్పేవాళ్ళెవరున్నారు. నాకు డబ్బు అక్కర్లేదు. ఎంత రాసిందన్నది ఇక్కడ అనవసరం. ఆ మెసేజ్ పోవాలి, అంతే. నేను నోరు విప్పకుండా, ఆమె నోరు విప్పకుండా, మధ్యలో ఈ బ్యాంకు ఒక్క ముక్క చెప్పాలి. చేరింది అని.

"చెక్కా, నగదా?" అన్నాడు పక్క కుర్చీ పెద్దాయన. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాడట, అడక్కుండానే చెప్పాడు. వేళ్ళు ఇంకా మోకాళ్ళ మీద టైపు కొడుతూనే ఉన్నాయి.

"చెక్కే."

"మూలన రెండు గీతలున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే దిగులు లేదు. గీతలు లేని చెక్కు నడిరోడ్డు మీద నోటుతో సమానం, దొరికినోడిదే. వెనక సంతకం పెట్టేశావా?"

"లేదండీ."

"బతికించావు. ఇంట్లో పెట్టుకుని రాకూడదు నాయనా, ఇక్కడికొచ్చాక వాళ్ళ కళ్ళెదుట పెట్టాలి. వెనకాల నీ ఖాతా నంబరు, ఫోను నంబరు రాయి. స్లిప్పు మీద ముద్ర వేయించుకుని, ఆ ముక్క చింపి దాచుకో. అదిగో, ఆ డబ్బాలో మాత్రం పడెయ్యకు. మా తమ్ముడు వేశాడు ఒకటి. ఈరోజుకీ తేల్లేదు."

"చెక్కా?"

"చెక్కూ తేల్లేదు, తమ్ముడూ లేడు" అని కిసుక్కున నవ్వి, తన స్లిప్పు ఇంకోసారి సరిచూసుకున్నాడు. అక్షరాల్లో రాసిందీ అంకెల్లో రాసిందీ ఒకటే అవునో కాదో పెదాలతో చదువుకుంటున్నాడు, మంత్రంలా. నేను జేబులోంచి చెక్కు సగం లాగి, వెనక్కి తిప్పి, మళ్ళీ తోసేశాను. వెనక సంతకం పెట్టమంటే ఎక్కడ పెట్టను, ప్లాస్టిక్కు మీద పెన్ను జారిపోతుంది. పైగా అక్కడ కింది మూలన ఏదో నంబరు ముందే ఉంది, బ్యాంకువాళ్ళది కాబోలు, వాళ్ళకి సవాలక్ష నంబర్లు. గోడ మీద నలభై ఆరు. పెద్దాయన చెప్పినవన్నీ నాకు తెలియవా ఏమిటి, చెక్కుని ఎలా కాపాడుకోవాలో ఊరందరికీ తెలుసు, దొంగల నుంచి, వాన నుంచి, చెరిపి రాసేవాళ్ళ నుంచి. నా లాంటివాడి నుంచి ఎలా కాపాడుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కవరు వచ్చినరోజు కరెంటు లేదు. మిషను చల్లగా ఉంది, బేరాల్లేవు. కవరు మీద షాపు అడ్రసు, మా పిల్ల చేతిరాత. ఆరేళ్ళు. ఆరేళ్ళలో ఒక ముక్క లేదు. కత్తిరించాను, లోపల ఈ చెక్కు. చెక్కు పక్కన పెట్టి కవరు దులిపాను, ఉత్తరం కోసం. రెండు వేళ్ళు పెట్టి తడిమాను. ఆఖరికి అంటించిన చోటల్లా విప్పి పరిచాను, లోపలివైపు ఏమన్నా రాసిందేమోనని. తెల్లగా ఉంది. చెక్కు తిప్పాను, మాట లేదు, మూలన అంకెలున్నాయి, అంకెలు ఎవడిక్కావాలి. ముందువైపు నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, కోర్టు నోటీసులో రాసినట్టు. నాన్న అని రాయడానికి చెక్కు మీద ఎక్కడా చోటుండదు, నిజమే, ఆ చిన్న కాగితంలో బ్యాంకువాడు అన్నిటికీ గళ్ళు గీశాడు, దానికి గీయలేదు. కానీ ఒక చిన్న చీటీ పెట్టడానికి చెయ్యి రాలేదా. భిక్ష వేసేవాడైనా మొహం చూస్తాడే. పెంచిన ఖర్చు తిరిగిస్తున్నావా, రసీదు రాసివ్వాలా, అనుకుంటూ కూర్చున్నాను, కరెంటొచ్చింది, ఎర్ర దీపం వెలిగింది, ఆకుపచ్చ దీపం వెలిగింది, మిషను సిద్ధం. నీ డబ్బు నేను తినను, తిరిగి పంపనూ పంపను, పడుండు ఇక్కడే, ఎప్పటికీ ఎవరికీ పనికిరాకుండా. చెక్కుని ప్లాస్టిక్కు కవర్లో పెట్టి, మూసిన అంచు ముందు పోయేలా పెట్టి, తోశాను. అటువైపు నుంచి మెల్లగా వచ్చింది, వేడిగా, మెరుస్తూ. మూలలు గుండ్రంగా కోసినట్టు కూడా నాకు గుర్తులేదు, కోపంలో ఉన్నవాడు మూలలు కోస్తాడా, కానీ కోసి ఉన్నాయి మరి.

నా షాపు గోడ మీద అట్టముక్క ఉంది, నోట్లు చెక్కులు లామినేషన్ చేయబడవు అని. అది రాసింది ఆ పిల్లే, పన్నెండేళ్ళప్పుడు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాడిని, నా రాత నాకే సిగ్గు, బోర్డులన్నీ దానిచేతే రాయించేవాడిని. వాళ్ళమ్మ పోయేనాటికి దానికి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఒంటరిగా ఎలా వదలను, బడి అవగానే షాపుకొచ్చేది, కౌంటరు కింద పీట మీద కూర్చుని చదువుకునేది, ప్లాస్టిక్కు వేడికి జుట్టంతా ఆ వాసనే, బళ్ళో పిల్లలు వెక్కిరించేవారట. యాభై. యాభై అని పిలిస్తే ఎవరూ లేవలేదు, వెళ్ళిపోయినట్టున్నారు, మంచిది. పిల్లకొక పని అప్పజెప్పాను. షాపులోకి ఏ కాగితం వచ్చినా వెనక్కి తిప్పి, ఎడమవైపు కింది మూలన, పెన్సిలుతో, తేలిగ్గా, ఇచ్చినవాళ్ళ ఫోను నంబరు రాయాలి. పెన్నుతో రాస్తే వేడికి సిరా కక్కుతుంది, గట్టిగా రాస్తే అవతలవైపు అచ్చు పడుతుంది. కవర్లో పెట్టే ముందు నంబరు పుస్తకంలోకి ఎక్కించి, చెరిపేయాలి. ఒకరి కాగితం ఒకరికి పోకుండా నేను కనిపెట్టిన పద్ధతి, ఏ బళ్ళోనూ చెప్పరు. పని అయ్యాక అదే ఫోను చేసేది, పెద్దవాళ్ళలా గొంతు పెద్దది చేసి, "మీ కాగితం అయిపోయిందండీ, వచ్చి తీసుకెళ్ళండి." అవతలివాళ్ళు "సరేనమ్మా" అంటే ఫోను పెట్టేసి నా వంక చూసేది, ఎలా చెప్పాను అన్నట్టు.

పాడైతే మాత్రం నేనే చేయాలి ఫోను. అది నా నియమం. ఇరవై ఆరేళ్ళలో మూడు కాగితాలు పాడుచేశాను, ఒకటి రోలర్లో ముడుచుకుపోయింది, ఒకటి వేడికి నల్లబడే రకం కాగితమని చూసుకోలేదు, ఇంకోదాని మీద ఈగ వాలి లోపలే అతుక్కుపోయింది. మూడుసార్లూ గంటలోపే ఫోను చేశాను. మీ కాగితం పాడుచేశాను, తప్పు నాదే. ముందు ఈ రెండు ముక్కలూ చెప్పేయాలి, ఆ తర్వాత అవతలివాడు ఎంత తిట్టినా పడాలి. కాగితం పోగొట్టుకున్నవాడికి సాకు చెబితే పుండు మీద కారం చల్లినట్టేనని నేనే దానికి నేర్పాను. మూడు అన్నానా. నాలుగు. నాలుగోదానికి ఫోను చేయలేదు, ఆ మనిషి నా ఇంట్లోనే, నా ఎదురుగానే ఉంది కాబట్టి.

దాని మార్కుల పత్రం. అసలుది. ఊళ్ళో అందరి కాగితాలకీ ప్లాస్టిక్కు వేశాను, వాళ్ళ డిగ్రీలు, లైసెన్సులు, పోయినవాళ్ళ ఫొటోలు, నా పేరున్న కాగితం ఒక్కటి లేదు వేసుకోవడానికి. నా ఇంట్లోకి వచ్చిన మొదటి కాగితం అది. అరచేతుల్లో పెట్టుకుని చూశాను, వేలిముద్ర పడుతుందని చెయ్యి తుడుచుకుని మళ్ళీ చూశాను. పొద్దున కాలేజీకెళ్ళి ఇవ్వాలి. "నాన్నా, దానికి వేయకు. వెనకాల వాళ్ళు ముద్ర కొట్టాలట" అంది. "నాకు చెబుతావా నువ్వు, ఊరందరివీ చేసేవాడిని నీది చెడగొడతానా" అన్నాను. అది స్నానానికి వెళ్ళినప్పుడు వేశాను. అన్నిటికన్నా ఖరీదైన కవరు తీశాను, అద్దంలా వచ్చింది. బయటికొచ్చి చూసి లోపలికెళ్ళిపోయింది. మర్నాడు కాలేజీవాళ్ళు తీసుకోలేదు, ముద్ర ప్లాస్టిక్కు మీద నిలవదు, ఇది ఒరిజినలేనని ఎలా నమ్మాలి అన్నారట. కొత్తది తెప్పించేసరికి నాలుగు నెలలు, సీటు ఎవరికో పోయింది. సీటు పోయిందని తెలిసిన సాయంత్రం అది గుమ్మంలో నిలబడి నా నోటి వంక చూసింది. నాకు తెలుసు దేనికోసం చూస్తోందో. రెండు ముక్కలు. పరాయివాళ్ళకి గంటలోపు చెప్పే రెండు ముక్కలు. నేనేమన్నాను, "ఆఫీసులో వెధవలు కూర్చుంటే నేనేం చేయను, నీ రాత అలా ఉంది" అన్నాను. నీ రాత. ఇల్లంతా దాని రాతే, బోర్డు మీద, నంబర్ల పుస్తకంలో, చక్కెర డబ్బా మీద. వారం తిరక్కుండా వాళ్ళ పిన్ని వచ్చి తీసుకెళ్ళింది. "పిల్లని చదివిస్తాను బావగారూ" అంది, మర్యాదగానే. నేను మిషను ముందు నుంచి లేవలేదు, పోతే పోనీ, రెక్కలొచ్చాయి అనుకున్నాను. దాని పీట ఇప్పటికీ కౌంటరు కిందే ఉంది, కాలికి తగుల్తుంది, తీసేయొచ్చు, తీయలేదు.

యాభై ఎనిమిది. పెద్దాయన లేచాడు, నేను ఊగాను. "వస్తా నాయనా, ముద్ర మర్చిపోకు" అని, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళాడు. నిలబడే కౌంటరు అమ్మాయితో ఏదో హాస్యమాడుతున్నాడు, ఆమె తలెత్తకుండానే నవ్వుతోంది. పొద్దున ఇస్త్రీపెట్టె వేడిచేసి, తడిగుడ్డ వేసి, ఈ చెక్కుకి ఒక మూల ఊడదీయబోయాను. ఎంతమంది నా దగ్గరికి వచ్చి ఏడ్చారు, కవరు మామా దీన్ని విప్పి పెట్టవా అని, ఒకసారి అతుక్కుంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా విప్పలేడయ్యా అని ఇరవై ఆరేళ్ళు కసిరి పంపాను. అలాంటివాడిని, చిన్నపిల్లాడిలా మూల పట్టుకుని లాగాను. ప్లాస్టిక్కుతో పాటు కాగితం పొర లేచింది. ఇంకొంచెం లాగితే పిల్ల సంతకం పోతుంది. ఆపేశాను. అడుసు తొక్కడం నాకు అలవాటే, కాలు కడుక్కోవడమే రాదు. అయినా వచ్చాను. స్లిప్పు కింద పెట్టి ఇస్తే కౌంటరు అమ్మాయి చూసుకోదేమో, రద్దీలో ముద్ర కొట్టేస్తుందేమో, మెసేజ్ పోతుందేమో. అరవై ఒకటి. అరవై రెండు. బంట్రోతు ఫ్యాను వేశాడు, టేబుళ్ళ మీద కాగితాలన్నీ ఒక్కసారి లేచి పడ్డాయి, నాది తప్ప.

అరవై నాలుగు.

స్లిప్పు కిందే పెట్టి తోశాను. అమ్మాయి స్లిప్పు ఎత్తింది, చెక్కు పట్టుకుంది, పట్టుకున్న చెయ్యి ఆగింది. గాజు వెనక ఆమెకి మా పిల్ల వయసే ఉంటుంది. వేలితో మీటింది, టిక్కుమంది.

"ఏంటంకుల్ ఇది?"

"చెక్కమ్మా. తడవకుండా వేయించాను. వానలు కదా."

"ఇలా తీసుకోం అంకుల్. మిషన్‌లోకి వెళ్ళదు. వెనక సంతకం కూడా పెట్టలేరు."

"పైన పెట్టేస్తాను, మార్కరు పెన్నుంది. ఇవాళే ఆఖరి రోజమ్మా. ఏదో ఒకటి చేసి, అవతలి మనిషికి ఆ మెసేజ్ ఒక్కటి పోయేలా చూడు. డబ్బు తర్వాతయినా ఫర్లేదు."

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. వెనక వరసలో ఎవరో "ఎంతసేపు" అని గొణిగారు. "డబ్బు రాకుండా మెసేజ్ ఎలా పోతుందంకుల్" అంది, కసరలేదు, మెల్లగానే అంది. "ఎవరిచ్చారో వాళ్ళనడిగి కొత్త చెక్కు రాయించుకోండి. దాంట్లో ఏముంది."

దాంట్లో ఏముంది. తిరిగివ్వబోతూ చెక్కు తిప్పి చూసింది.

"ఈ నంబరు మీదేనా?"

"కాదు. మీ బ్యాంకువాళ్ళదనుకుంటా."

"మేం పెన్సిల్‌తో ఏదీ రాయం అంకుల్. వెనక చెక్కు జమ వేసేవాళ్ళ నంబరే ఉంటుంది, రాసిచ్చినవాళ్ళు ఎవరూ వాళ్ళ నంబరు వెయ్యరు. ఎవరో మీకోసం రాసినట్టుంది." గాజు కింద నుంచి తోసి, "నెక్స్ట్" అంది.

ఎలా బయటికొచ్చానో తెలీదు. మెట్ల మీద ఎండ, కాపలావాడు కుర్చీ వెనక్కి వాల్చుకుని కునుకుతున్నాడు. చెక్కు పట్టుకుంటే ప్లాస్టిక్కు మీద ఎండ పడి తెల్లగా మెరిసిపోతోంది, అంకెలు కనబడటం లేదు, అటు వంచాను, ఇటు వంచాను, ఇరవై ఆరేళ్ళుగా నేను అమ్ముకున్న మెరుపు. నా నీడలోకి తిప్పితే కనబడింది. ఎడమవైపు కింది మూల. పెన్సిలు. తేలిగ్గా, అవతలివైపు అచ్చు పడకుండా. ఏడుకి నడుం మధ్య అడ్డగీత, ఒకటిలా కనబడకూడదని నేనే పెట్టించిన గీత. ఈ కాగితం ఎవరిదో వాళ్ళ నంబరు, పని అయ్యాక ఫోను చేయమని. నేను కవరు అంచులు విప్పి ఉత్తరం వెతుక్కున్నాను. ఉత్తరం ఇదిగో, నా షాపులో తప్ప లోకంలో ఎక్కడా అర్థంకాని ఉత్తరం, నాకు తప్ప ఎవరికీ చదవడం రాని ఉత్తరం, నాకే చదవడం రాలేదు. కవర్లో పెట్టేముందు చెరిపేయాలి, అది పద్ధతి. ప్రతి కాగితానికీ చేతులు వాటంతటవే చెరిపేస్తాయి. మూలలు కోయడం గుర్తుపెట్టుకున్న చేతులు ఆరోజు చెరపడం ఎలా మర్చిపోయాయో. పద్ధతిగా చేసుంటే, ఈపాటికి ఇది కూడా పోయేది.

ఫోను తీశాను. ఒక అంకె తప్పు పడింది, చెరిపి మళ్ళీ కొట్టాను. మోగుతోంది. ఏమనాలి. బాగున్నావా అనాలి. చేరిందమ్మా అనాలి. వానలు కదా అని మొదలుపెట్టాలి, తడవకుండా వేశానని. మోగుతోంది. ఎత్తకపోతే బావుణ్ను. కాపలావాడు ఒక కన్ను తెరిచి "అన్నా, మెట్ల మీద నిలబడకు, పక్కకి జరుగు" అన్నాడు. జరిగాను.

"హలో, ఎవరండీ?"

గొంతు పెద్దదయింది. వెనకాల ఎవరివో మాటలు, తలుపు పడిన చప్పుడు. "హలో" అంది మళ్ళీ, పెట్టేసేలా ఉంది. అప్పుడు వచ్చాయి ఆ రెండు ముక్కలు, వెతక్కుండానే, షాపులో పరాయివాళ్ళకి చెప్పినట్టే, అదే వరసలో.

"మీ కాగితం పాడుచేశాను. తప్పు నాదే."

చెవికి ఫోను ఎంత గట్టిగా నొక్కానంటే చెవి మండుతోంది.

"ఏ కాగితం?" అంది. ఇప్పుడు ఆ గొంతు పెద్దది కాదు.

రెండో చేతిలో చెక్కు ఎండకి వేడెక్కి, మిషన్లోంచి అప్పుడే వచ్చినట్టుంది.

"రెండూ" అన్నాను.